గాడ అంటే ఏడ?

ఎల్లారెడ్డి అరుగుల మీద, కామారెడ్డి నెట్ సెంటర్ల వెనక వరసల్లో రాత్రుళ్లు సాగే తుపాకీ ఆటలివి. గంటల కొద్దీ ఆడేవాళ్లు ఉన్నచోటే ఎందుకు ఆగిపోతున్నారు? తక్కువ ఆడే కొందరు ఎలా ముందుకు పోతున్నారు?

“అన్నా, గాడున్నడు! గాడ, గాడ!”

“గాడ అంటే ఏడరా?”

“గాడనే అన్నా, చెట్టు కాడ...”

అంతే. పది సెకన్లలో నలుగురూ పడిపోయారు. ఎల్లారెడ్డిలో మా అక్కవాళ్ల అరుగు మీద, రాత్రి తొమ్మిదిన్నరకు, మా మేనల్లుడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి పక్కన పడేశాడు. “నెట్ ఆగింది మామా” అన్నాడు. కాసేపటికి “వాడు హ్యాకర్ గావచ్చు” అన్నాడు. ఇంకాసేపటికి “ఈ ఫోన్ మంచిగ లేదు” అన్నాడు. మూడు కారణాలూ విన్నాను. అసలు కారణం నా చెవిన అంతకుముందే పడింది. ‘గాడ’ అంటే ఎక్కడో ఆ నలుగురిలో ఒక్కడికే తెలుసు.

మన మాటలో గాడ అన్నప్పుడు చెయ్యి కూడా మాట్లాడుతుంది. వేలు చూపించకుండా ఆ మాట ఎవరూ అనరు. ఆ రాత్రి అల్లుడు ఎల్లారెడ్డిలో ఉన్నాడు, ఒక దోస్తు లింగంపేటలో, ఇంకొకడు కామారెడ్డి హాస్టల్లో, వాళ్లంతా అన్నా అని పిలిచే పిలగాడు హైదరాబాద్ అమీర్‌పేటలో. మైకులో వేలు కనపడదు. తెర పైభాగాన మాత్రం దిక్కులు చూపే పట్టీ ఒకటి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. నలుగురూ ఆటలో దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు “210, రాయి వెనక, ఒక్కడు” అంటే చాలు, నాలుగు తుపాకులూ ఒకే వైపు తిరుగుతాయి. ఎటు, దేని వెనక, ఎందరు. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

ఈ ఆటల్లో ముందుకు పోవడం వేళ్ల వేగంతో మొదలవుతుందని నేనూ అనుకునేవాణ్ని. ఎల్లారెడ్డిలో, కామారెడ్డిలో పిల్లల పక్కన కూర్చుని చూశాక ఆ నమ్మకం పోయింది. తను ఎందుకు చచ్చాడో ఒక్క మాటలో సరిగ్గా చెప్పగలిగినవాడే మర్నాడు కాస్త మెరుగ్గా ఆడుతున్నాడు. చెప్పలేనివాడు ఐదేళ్లయినా అక్కడే ఉంటున్నాడు.

పాఠం కోసం వచ్చిన ఫోను

నేను కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు తుపాకీ ఆటంటే కౌంటర్ స్ట్రైక్. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే ఆటను సొంతంగా మార్చి దాన్ని తయారుచేశారు. మరుసటి ఏడాది అది విడిగా అమ్మకానికి వచ్చింది. మా నెట్ సెంటర్లో ముందు వరసలో హాల్‌టికెట్లు, ఎంసెట్ ర్యాంకులు. వెనక వరసలో డస్ట్ టూ మ్యాపు. శత్రువు పక్క కుర్చీలోనే ఉండేవాడు. ఎందుకు గెలిచాడో వాడి చెయ్యి చూస్తే తెలిసేది. ఆట అయ్యాక బయట చాయ్ తాగుతూ వాడే విడమరిచి చెప్పేవాడు కూడా.

ఇప్పటి పిల్లలకు ఆ పక్క కుర్చీ లేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది. 2018లో పబ్జీ ఫోన్లలోకి వచ్చింది. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1న, తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. పాఠాల పేరుతో ఎన్నో ఇళ్లలో పిల్లల చేతికి ఫోను వచ్చింది. కొందరికి గల్ఫ్ నుంచి నాన్న పంపిందే దిక్కు. ఆ మర్నాడే, సెప్టెంబర్ 2న, కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. పబ్జీ అందులో ఉంది. 2021 జులై 2న దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ పేరుతో మన దేశానికి తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఆ జులై 28న బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మే 29న తిరిగొచ్చింది.

ఇన్నిసార్లు పోయి వచ్చినా మా పిల్లలు ఒక్క దారి కూడా మరచిపోలేదు. ఆ ఆటలో ఎరాంగెల్ అనే దీవి 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. పొచింకి ఇళ్లు, స్కూలు మేడ, వంతెనలు, మిలిటరీ బేస్ అన్నీ కళ్లు మూసుకుని చెప్తారు. నిజాంసాగర్ కట్ట మీద నడిచినదానికన్నా వీళ్లు ఆ దీవిలో ఎక్కువ నడిచారు. అది విని నాకు కోపం రాలేదు. ఒక చోటును ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకోగల పిల్లలకు, తమ ఆటనే తాము చూసుకోవడం ఎవరూ నేర్పలేదే అని బాధేసింది.

బీడీలు చుట్టే చేతులు

మా అక్కవాళ్ల పక్కింటి పెద్దమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన నానిన తునికాకు. రేకు ముక్క పెట్టి ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. ఆమె కళ్లు టీవీ మీద ఉంటాయి. వేళ్లు మాత్రం ఆగవు. ఒకరోజు పక్కన కూర్చుని ఎట్ల నేర్చుకున్నావు పెద్దమ్మా అని అడిగాను.

“మొదాల మా అమ్మ నన్ను ఉరికియ్యలె బిడ్డా. ఒక్కటి సాఫుగ వచ్చినంకనే ఇంకోటి పట్టుమన్నది. కార్ఖానల చెడ్డయి ఏరి అవుతల పారేస్తరు గద, అప్పుడు తెలుస్తది ఏ ఏలు తప్పు చేసిందో” అంది.

ఆమె చెప్పిన ఈ రెండు మాటల్లో ఏ ఆట కోచ్ అయినా చెప్పే సాధన మొత్తం ఉంది. మొదట సాఫుగా, తర్వాతే వేగం. ఇక పారేసిన బీడీయే గురువు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థులను పరిశీలించి ఒక వ్యాసం రాశారు. అందరికన్నా బాగా వాయించేవాళ్లు ఏకాగ్రతతో ఒంటరిగా సాధన చేసేవాళ్లు, మధ్యలో విరామం తీసుకునేవాళ్లు, మిగతావాళ్లకన్నా ఎక్కువ నిద్రపోయేవాళ్లు. తెల్లవారుజాము రెండింటిదాకా మేలుకుని ఆడే మా పిల్లలు ఈ మూడింటినీ, అంటే ఏకాగ్రతనూ విరామాన్నీ నిద్రనూ, ఒకేసారి పోగొట్టుకుంటున్నారు.

కామారెడ్డిలో ఒక నెట్ సెంటర్ వెనక వరసలో డిగ్రీ పిలగాణ్ని చూశాను. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడతాడు. మ్యాచ్‌లోకి దిగేముందు పది నిమిషాలు ఉత్త గోడను కాలుస్తాడు. కౌంటర్ స్ట్రైక్‌లో ఏకే 47 సెకనుకు 10 గుండ్లు వదులుతుంది, మ్యాగజైన్‌లో 30 ఉంటాయి. మీట వదలకుండా నొక్కితే గోడ మీద తూట్లు ఒక బొమ్మ గీస్తాయి. మొదట నిటారుగా పైకి పోతాయి, ఆ తర్వాత పక్కలకు ఊగుతాయి. ఆ బొమ్మ ప్రతిసారీ దాదాపు ఒకేలా వస్తుంది కాబట్టి దాన్ని చెయ్యి నేర్చుకోగలదు. గుండ్లు పైకి పోతున్నప్పుడు మౌస్‌ను కిందికి లాగుతాడు, అవి పక్కకు వంగితే ఎదురు పక్కకు తిప్పుతాడు. నేను చూస్తుండగానే ఆ బొమ్మ కుంచించుకుపోయి అరచేతంత మచ్చ అయింది. తర్వాత ఐదు నిమిషాలు కాళ్ల సాధన. ఈ ఆటల్లో పరుగెత్తుతూ కాలిస్తే గుండు ఎటో పోతుంది. కుడికి పోతున్నవాడు ఎడమ మీటను ఒక్కసారి తట్టి ఠక్కున నిలబడి, నిలబడ్డ క్షణంలోనే కాల్చాలి. కామారెడ్డి ఇందిరాగాంధీ స్టేడియంలో కబడ్డీ కూతకు పోయిన ఆటగాడు గీత దగ్గర కాలు ఆపి ఒళ్లు మళ్లించడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఫోనులో మౌస్ ఉండదు. బొటనవేళ్లు రెండింటితో మొదలుపెట్టినవాళ్లు నెమ్మదిగా చూపుడువేళ్లనూ తెర మీదికి తెస్తారు. నడవడానికి ఒక వేలు, చూడటానికి ఒకటి, కాల్చడానికి ఒకటి, స్కోప్ తెరవడానికి ఇంకొకటి. ఇలా పట్టడాన్నే క్లా అంటున్నారు. మారిన మొదటి పది పదిహేను రోజులు ఆట పాడవుతుంది. చాలామంది అక్కడే భయపడి పాత పద్ధతికి వెళ్లిపోతారు. ఇక జైరో సంగతి: ఫోనును కొద్దిగా వంచితే గురి కదులుతుంది. తుపాకీ పైకి ఎగురుతుంటే ఫోనును కొంచెం ముందుకు వంచి దాన్ని అణచొచ్చు. వేలితో తెర గీకడం కన్నా మణికట్టుకు ఇది తొందరగా అలవడుతుంది.

సెన్సిటివిటీ కోడ్‌ల పిచ్చి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పెద్ద ఆటగాడు ఎవరో యూట్యూబ్‌లో తన కొలతలు పెడతాడు. ఇక్కడ పిల్లలు వాటిని దించుకుంటారు. నాలుగు రోజులకు ఇంకొకడివి. వేలు ఇంత జరిపితే గురి అంత కదులుతుందన్న లెక్క చేతిలో ఇంకకముందే లెక్క మారిపోతోంది. పెద్దమ్మనడిగితే “కత్తెర మారితే రెండ్రోజులు చెయ్యి మాట ఇనదు” అంది. ఓ మాదిరి కొలత ఒకటి పెట్టుకుని నెల రోజులు ముట్టుకోకుండా ఉండటమే మందు. మా అల్లుడికి ఇది అన్నిటికన్నా కష్టమైంది.

దర్వాజ కాడ పరీక్ష

“గోడ పక్కనే దాక్కున్న మామా, అయినా వాడే ముందు చూసిండు. కచ్చితంగ హ్యాకే” అని అల్లుడు రెండోసారి అన్నప్పుడు వాణ్ని ఇంట్లోకి తీసుకుపోయాను. మా అక్కవాళ్లది పాత పెంకుటిల్లు. ముందు గదికీ లోపలి గదికీ మధ్య మందపాటి గోడ, దర్వాజ. వాణ్ని లోపలి గదిలో దర్వాజ చెక్కకు భుజం ఆనించి నిలబడమన్నాను. నేను ముందు గదిలో నాలుగడుగులు వెనక్కి, మూలకు దూరంగా నిలబడ్డాను. ఇద్దరం మెల్లగా పక్కకు జరుగుతూ, ఎదుటివాడు కనపడగానే ‘కనపడ్డావ్’ అనాలి.

మూడుసార్లు చేశాం. మూడుసార్లూ నేనే ముందన్నాను. నాకు ముందు వాడి మోచెయ్యి కనిపించింది, తర్వాత భుజం, ఆ తర్వాతే వాడి కన్ను దర్వాజ దాటి నన్ను పట్టుకుంది. చోట్లు మార్చుకున్నాం. ఈసారి వాడే “కనపడ్డవ్ మామా!” అని అరిచాడు. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, “రాత్రిపూట దొంగాటేందిరా మీకు?” అంది. అల్లుడు వినలేదు. చెక్కకు భుజం ఆనించి, మళ్లీ వెనక్కి జరిగి, తన మోచేతినే చూసుకుంటున్నాడు.

మూలకు అతుక్కున్నవాడి ఒళ్లు ముందు బయటపడుతుంది, చూపు వెనక వస్తుంది. దూరంగా నిలబడ్డవాడు తక్కువ జరిగి ఎక్కువ చూస్తాడు. ఇందులో ఏ ఆటదీ సొంత మాయ లేదు. అడ్డుగోడ ఉన్న ప్రతిచోటా ఇంతే. గోడను కాపు అనుకుని కౌగిలించుకోవడం మనిషికి సహజం, ఆ సహజాన్నే ముందు వదిలించుకోవాలి.

దీనికి నెట్ తోడైతే ఇంకో చిక్కు. మూల తిరిగి వచ్చేవాడు తన తెర మీద అప్పటికే వచ్చేసి ఉంటాడు. ఆ కబురు సర్వర్‌కు చేరి, అక్కడినుంచి మన ఫోనుకు చేరేసరికి సెకనులో కొన్ని వందో వంతులు గడిచిపోతాయి. అందుకే ఒకే మూల మీద కన్నేసి కదలకుండా కూర్చున్నవాడికన్నా, ఠక్కున దూసుకొచ్చినవాడు కొంచెం ముందు చూస్తాడు. వాలరెంట్‌కు ముంబయిలో సర్వర్ ఉంది. కామారెడ్డి నుంచి ముంబయికి గీత గీస్తే దాదాపు 600 కిలోమీటర్లు. ఫైబర్ తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికి 6 మిల్లీసెకన్లు చాలు. మీ తెర మీద పింగ్ 60 అని కనపడుతోందంటే మిగతాదంతా దారిలోని మలుపుల్లో, టవర్ దగ్గర రద్దీలో, ఇంట్లోనే రెండో ఫోనులో నడుస్తున్న వీడియోలో పోతోంది. దూరాన్ని మనం తగ్గించలేం. పక్క గదిలో సీరియల్ అయ్యాక ఆడటం మన చేతిలో ఉంది.

మంచె మీద తాత

మనిషి కంటికి ఏదైనా కనపడ్డాక వేలు కదలడానికి మామూలుగా సెకనులో నాలుగో వంతు, సాధన ఉన్నవాళ్లకు ఐదో వంతు పడుతుంది. ఏకేలో ఆలోపు రెండు గుండ్లు వచ్చేస్తాయి. ఈ వేగం కొంతవరకే పెరుగుతుంది. మరి ఏళ్ల తరబడి ఆడేవాళ్లు చూసీ చూడగానే ఎలా కొడుతున్నారు?

మా తాత జొన్నచేలో మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పేవాడు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని నలువైపులా తల తిప్పుతూ పిట్టల కోసం వెతికేవాణ్ని. ఆయన వెతికేవాడు కాదు. “పొద్దుగాల తుమ్మచెట్టు దిక్కెల్లే వస్తయి” అని రాయి ఒడిసెలలో పెట్టుకుని అటే చూసేవాడు. గుంపు లేచేసరికి ఆయన చెయ్యి సగం దారిలో ఉండేది.

తుపాకీ ఆటల్లో గురి పెట్టడమంటే ఇదే. శత్రువు ఎక్కడినుంచి రాగలడో అక్కడ, వాడి తల ఉండే ఎత్తులో, వాడు రాకముందే గురి ఆనించి పెట్టుకోవాలి. ఇక్కడి పిల్లల రికార్డింగులు చూస్తే ఎక్కువమంది గురి నేల మీద ఉంటుంది. పరుగెత్తేటప్పుడు దారి చూసుకుంటారు కదా. శత్రువు రాగానే కింది నుంచి పైకి, పక్క నుంచి పక్కకు లాగాలి. ఆ లాగుడులోనే చచ్చిపోతారు. మెట్లు ఎక్కేటప్పుడు పై మెట్టు మీద, ఇంట్లోకి దూరేటప్పుడు గుమ్మం అంచు మీద తల ఎత్తున గురి నిలిపి నడవడం వారం రోజులు అలవాటు చేసుకుంటే చాలు, రెండు వేల రూపాయల కొత్త పరికరం ఏదీ ఇవ్వని ఫలితం కనపడుతుంది. 2003లో షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియర్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి ఆటలు ఆడేవాళ్ల చూపు ఒకేసారి ఎక్కువ వస్తువుల మీద నిలుస్తుందని, ఆడనివాళ్లకు నేర్పినా ఆ శక్తి పెరుగుతుందని వాళ్లు చూపించారు. మా తాతకు ఆ పత్రిక సంగతి తెలియదు. ఆ చూపు మాత్రం ఉంది.

చెవి కంటికన్నా ముందు పనిచేస్తుంది. గోల్కొండ ఫతే దర్వాజ కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని చిన్నప్పుడు బడి యాత్రలో అందరం కొట్టి చూసినవాళ్లమే. కోటకు ఆ చప్పుడు కాపలా. ఆటలో అడుగుల చప్పుడు అలాంటిదే. మట్టి మీద ఒక రకం, చెక్క మెట్ల మీద ఒక రకం, ఎడమ చెవిలోనో కుడి చెవిలోనో. బ్లూటూత్ ఇయర్‌బడ్లలో ఆ శబ్దం ఆలస్యంగా చేరుతుంది. తీగ ఉన్న వంద రూపాయల ఇయర్‌ఫోన్లు ఈ ఒక్క పనికి వాటికన్నా మేలు.

ఫోన్ల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద బొమ్మకూ బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు, 90 చూపే తెర మీద 11.1. తేడా నిజమే కానీ పైన చెప్పిన తప్పుల ముందు చాలా చిన్నది. ఎండాకాలం మన దగ్గర 42 డిగ్రీలు దాటినప్పుడు ఫోను వేడెక్కి తనంతట తనే నెమ్మదిస్తుంది. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఇంకా ముందే. వెనక కవర్ తీసి, కూలర్ గాలికి కూర్చోవడం మంచిదే. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పట్టి ఉన్న ఫోను కూడా పోతుంది.

చావుల పద్దు

దర్వాజ పరీక్ష మర్నాడు అల్లుడికి రెండు వందల పేజీల నోటుబుక్కు కొనిచ్చాను. చచ్చిన ప్రతిసారీ ఒక్క వరస రాయాలి. నెట్, ఫోన్, హ్యాకర్ అనే మాటలు రాయకూడదు. అవి నిజమైనా సరే, వాటిని వాడు దిద్దలేడు కదా.

మొదటి పేజీ నా దగ్గర ఫొటో ఉంది. “లూట్ చేస్తా నిలబడ్డ.” “గోడకు అతుక్కున్న.” “దోస్తు పడ్డంక ఒక్కన్నే ఉరికిన.” “ఒక్కణ్ని కొట్టంగనే రీలోడ్ కొట్టిన, ఇంకో పది గుండ్లుండె.” “జోన్ల లేటుగ ఎల్లిన.” “గాడ అన్న.” ఈ చివరిది చదివి ఆ రోజంతా నా మనసు తేలికగా ఉంది. ఆ పేజీలో పన్నెండు చావులున్నాయి. చెయ్యి వణికి, గురి తప్పి చచ్చినవి మూడే.

పెద్దమ్మ కార్ఖానాలో పక్కకు పారేసిన బీడీలు ఇవే. ఆడే సమయం కూడా దానంతట అదే మారింది. పదిహేను నిమిషాలు ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒకే తుపాకీతో సాధన, జట్టుకు జట్టు తలపడే చిన్న ఆట టీడీఎం ఒకటి, మూడు పెద్ద మ్యాచ్‌లు, ఆ తర్వాత చివరి చావు రికార్డింగ్ మళ్లీ చూసి నోటుబుక్కు మూయడం. నాలుగైదు గంటల ఆట రెండు గంటలకు వచ్చింది. రాయడం మొదలుపెట్టాక నాలుగో మ్యాచ్ తర్వాత తన వరసలు చెత్తగా ఉంటున్నాయని వాడే గమనించాడు. అలసిపోయి చచ్చిన చావులకు కారణం కూడా సరిగ్గా రాయలేకపోతున్నాడు.

వాడి చెల్లెలు, మా అక్క చిన్నబిడ్డ, వీడికన్నా నిదానంగా ఆలోచించి ఆడుతుంది. కానీ మైకు ఎప్పుడూ ఆపే ఉంచుతుంది. ఎందుకమ్మా అంటే, “ఆడపిల్ల గొంతు ఇనంగనే బూతులు తిడ్తరు మామా” అంది. కోపంతో కాదు, ఎండ ఎక్కువుందన్నట్టు చెప్పింది. అది నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. నలుగురి జట్టులో ఒక గొంతు మూయించినవాడు తన జట్టు కళ్లలో నాలుగో వంతు పొడిచేసుకున్నట్టే. అన్నలంతా మైకు తెరిచి ముందు నేర్చుకోవలసిన మర్యాద ఇది.

అమ్మానాన్నల భయం

మన పేపర్లలో ‘ఆన్‌లైన్ గేమ్’ అన్న మాట కింద ఎక్కువగా వచ్చేవి అప్పులు, ఆత్మహత్యలు. అవి చాలావరకు డబ్బులు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల కథలు. తెలంగాణ 2017లోనే తన 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. డబ్బు పందెం ఆటలను మూసేస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. అంతకుముందు 2022 డిసెంబర్‌లోనే ఈ-స్పోర్ట్స్ కేంద్ర క్రీడల శాఖ కిందికి వచ్చాయి. కొడుకు చేతిలో ఉన్నది ఈ రెంటిలో ఏదో తల్లిదండ్రులు ముందు కూర్చుని చూడాలి. పక్కన పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది.

తుపాకీ ఆటలోనూ డబ్బు కారే రంధ్రం ఉంది. ఆటలో చెల్లే డబ్బు యూసీ కొనడం, తుపాకులకు రంగులు, డ్రెస్సులు. ఆ రంగులతో గుండు బలం పెరగదు. అమ్మ ఫోన్‌పే నుంచి పోయిన వెయ్యి రూపాయలకు గురి ఒక్క వెంట్రుక కూడా సరికాదు. తిరిగొచ్చినప్పుడు బీజీఎంఐ 18 ఏళ్లలోపువాళ్లకు రోజుకు 3 గంటల హద్దు పెట్టింది. వయసు అబద్ధం చెప్పి ఆ హద్దు దాటుతున్నవాళ్లు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా జీవితం కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనపడుతున్నా ఆపలేకపోవడం ఏడాది పాటు సాగితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అన్నం మానేసి, బడి మానేసి, ఎవరితో మాట్లాడకుండా ఉన్న పిల్లవాడికి గురి పాఠాలు చెప్పకండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

మిగతావాళ్ల కోసం నా బాధ వేరు. మలావత్ పూర్ణ మన తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత. వాళ్ల అడుగు ఎక్కడ జారిందో, చెయ్యి ఎక్కడ కిందికి దిగిందో చూసి చెప్పే మనిషి పక్కన ఉన్నారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు 2023లో జరిగినప్పుడు హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నిజం పిస్టల్‌తో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అవే క్రీడల్లో ఫోను మీద ఆడే పబ్జీ కూడా పతకాల ఆటగా ఉంది. మనుషులను కాకుండా గురి పలకలను కాల్చేలా దాన్ని మార్చి పెట్టారు. పిస్టల్ షూటర్లు గుండు లేని తుపాకీతో గంటలు గంటలు సాధన చేస్తారు. గోడను కాల్చే మన డిగ్రీ పిలగాడు చేస్తున్నదీ ఆ జాతి పనే. వాడి పక్కన నిలబడే పీఈటీ సారు లేడు, అంతే తేడా.

ఇది బతుకుదెరువు అవుతుందా అని అల్లుడు అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 2024 జూన్ చివర్లో హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ దేశవాళీ పోటీ ఫైనల్స్ జరిగాయి. బహుమతి సొమ్ము 2 కోట్లు, గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. ఆ చివరి వేదిక మీదికి చేరినవి 16 జట్లు. జట్టుకు నలుగురు చొప్పున 64 మంది, దేశం మొత్తం మీద. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు మార్చిలో, రాయాల్సిందే అన్నాను. వాడు తలూపి, “మరి నోట్‌బుక్ గూడ రాస్త మామా” అన్నాడు.

మొన్న శనివారం మళ్లీ ఎల్లారెడ్డి పోయాను. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద నలుగురి గొంతులు మైకులో వినపడుతున్నాయి. చెల్లెలు కూడా ఆ రోజు జట్టులో ఉంది. లింగంపేట పిలగాడి బదులు ఆడుతోంది, మైకు తెరిచే ఉంది. “135, పసుపు ఇల్లు, పై కిటికీ, ఇద్దరు” అంది. ఎవరూ ఏడ అని అడగలేదు. అల్లుడు గోడకు రెండడుగులు వెనక్కి జరిగాడు. అప్పుడు నేను చూసింది వాడి తెరను కాదు, అరుగు మీద వాడి భుజాన్ని. ఆటలో జరిగినప్పుడు వాడి ఒళ్లు కూడా కాస్త వెనక్కి జరిగింది.

ఏడో స్థానంలో పడిపోయారు. జోన్, అంటే ఆటలో ప్రాణాలతో ఉండగలిగే చోటు, పడమటికి మారుతుందని చూసుకోలేదట. పెద్దమ్మ చాట దించుకుని, “గెల్సిన్రా బిడ్డా?” అని అడిగింది. “లేదు పెద్దమ్మా” అంటూనే అల్లుడు నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత పంటితో తీసి, రాయడం మొదలుపెట్టాడు. చెల్లెలు పక్కకు జరిగి వాడు రాస్తున్నది చదువుతూ, “గట్ల గాదు, మనం వంతెన దాటంగనే లేటయినం, గది రాయ్” అంది.